నాన్నగారు చదివిన మీటరు

మొన్న ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, కె.ఆర్.పురంలో పెట్రోలు పోయించుకుని కొత్త కారును స్టార్టు చేయగానే, లీటరుకు పదిహేడు కిలోమీటర్లని ఎదుటి తెర దానంతట అదే చూపింది. జేబులోని కలం జేబులోనే ఉండిపోయింది.

పాత కారుకు పన్నెండేళ్ల పాటు ఆ లెక్క నేనే కట్టాను. ట్యాంకు నిండి గొట్టం టక్కుమని ఆగినచోటే ఆపించి, బండి తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించే ఆ పద్ధతి నా ఈడువారికి తెలిసే ఉంటుంది. నాన్నగారు బడిపంతులుగా పదవీ విరమణ చేసి, కదిరి విడిచి మా ఇంటికి వచ్చాక అందులో సగం పని ఆయనదైంది. నేను దిగి పంపులో సున్నా చూసుకుంటూ నిలబడితే, ముందు సీటులోని ఆయన స్టీరింగు వైపు వంగి మీటరులోని అంకెలను పిల్లలకు ఎక్కం చెప్పినట్లు ఒక్కొక్కటిగా చదివేవారు. నేను కిటికీ అంచున పుస్తకం ఆనించి రాసుకునేవాణ్ణి. పంపు కుర్రవాడు ఇంకాస్త పోయబోతే, "చుక్క కూడా వద్దప్పా, లెక్క తప్పితే మావానికి అన్నం సయించదు" అని నవ్వించేవారు. పెట్రోలు పోయించే ఆదివారం నేను లేచేసరికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చునేవారు. ఈ నగరంలో ఆయనకంటూ ఉన్న పని అదొక్కటే.

ఆ కారు కొన్న ఏడవ ఏట, ఎన్నడూ పద్నాలుగు దాటని మైలేజీ ఒకసారి పదహారుకు ఎక్కి, మరుసటిసారి పన్నెండుకు దిగింది. రెండు నెలలు అదే వరస. మెకానిక్కు ఇంజనంతా విప్పి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. బండి తెచ్చుకునేటప్పుడు మీటరు చూస్తే, అంతకుముందు ఆదివారం నేను రాసుకున్న అంకెకంటే యాభై కిలోమీటర్లు తక్కువగా ఉంది. బండి వెనక్కి తిరగదు కదా అని ఇంట్లో తల పట్టుకుంటే, మా ఆవిడ కూర తరుగుతూ తలెత్తకుండానే అంది: "బండికేం కాలే. ముందు మామకు కండ్లు చూపియ్యండి."

పరీక్ష చేయిస్తే నీటికాసులని, అంటే గ్లాకోమా అని తేలింది. ఎడమ కంటి చూపు అప్పటికే పోయిందనీ, కుడి కన్ను మసకబారినా, ఇకపై మందు తప్పకుండా వేస్తే నిలుస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఇన్నాళ్లు ఎందుకు దాచారని ఆమె అడిగితే, ఆయన నా వైపు తిరిగి మెల్లగా అన్నారు: "మూడో ఎనిమిదో తెలీకపోతే అందాజుగా చెప్తాంటి. కనపడలేదంటే నువ్వే చూసుకుంటావు కదప్పా. ఇంక బండ్లో నేనెందుకు?"

ఆ తరువాత కూడా మీటరు ఆయనే చదివారు. కొత్త కళ్లద్దాలు సర్దుకుని, భూతద్దం ఆనించి, అంకె అంకెకూ ఆగుతూ ఆయన చదువుతుంటే వెనుక బండ్లవాళ్లు హారన్లు మోగించేవారు. పంపు కుర్రవాడే వెళ్లి వాళ్లను ఆపేవాడు. నేను మాత్రం ఒక్కసారైనా లోపలికి తొంగిచూడలేదు. అలా మరి నాలుగేళ్లు గడిచాయి.

ఇప్పటి బండ్లు తమ లెక్క తామే చెప్పుకుంటున్నాయి, తప్పు కూడా పోవు. పక్కన ఒక మనిషి ఉండవలసిన పని మాత్రం వాటిలో లేదు.

పోయినవి: ఎడమ కంటి చూపు, ఆ కారు, ముందు సీటులోని మనిషి. చివరి దాకా నిలిచినది: కుడి కంటి చూపు. మిగిలినవి: ఒక భూతద్దం, పుస్తకంలో ఆ రెండు నెలల తప్పుడు అంకెలు. వాటిని నేను దిద్దలేదు.