తీసివేతల సిస్టరు

తల్లి మొదటిసారి పిండి తెచ్చిన పాలు నాలుగు ఎమ్మెల్. హెడ్ సిస్టరు సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, మూడున్నర అని రాసుకుంది.

"నాలుగున్నాయి కదండీ!"

"అర సీసాకి అంటుకుంది. నీ కూతురు సీసా నాకదుగా తల్లీ?"

తల్లి నోరెళ్లబెట్టింది. రెండు నెలలు ముందే పుట్టి, ముక్కులో గొట్టంతో అద్దాల పెట్టెలో పడుకున్న పసిగుడ్డు. దాని నోటికాడి అర ఎమ్మెల్ కూడా లాక్కునే మనిషి ఉంటుందా?

ఉంది. ఏ అంకె చెప్పినా అందులోంచి ఏదో ఒకటి తీసేయనిదే ఆమెకు తోచదు. వెనకాల అందరూ తీసివేతల సిస్టరనేవారు. పాపను తూచాక టోపీకి పదకొండు గ్రాములు, మేజోళ్లకు నాలుగు, తడిసిన డైపరుకు ముప్పై తీసేసేది.

"మనవరాలు నిన్నటికన్నా ఒళ్లు చేసిందమ్మా," అని అమ్మమ్మ మురిసిపోయింది.

"ఇప్పుడే పద్నాలుగు ఎమ్మెల్ తాగింది. అది తీసేసి మురవండి."

"ఈవిడ మొగుణ్ణి కూడా చెప్పులు విప్పించి తూచాకే పెళ్లికి ఒప్పుకుని ఉంటుంది!" అమ్మమ్మ గొణిగింది.

అలాంటి మనిషి ఒకరోజు సెలవు పెట్టింది. మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి కాటా మీద పాప 1,232 గ్రాములు. నిన్నటి చీటీలో 1,240.

తల్లి రెండు అంకెలూ మళ్లీ చూసుకుంది.

"తగ్గింది. ఇవాళ పాలు పెంచొద్దు," అన్నాడు డాక్టరు. "రేపూ ఇలాగే ఉంటే మళ్లీ సూది పెట్టి సెలైన్ ఎక్కిద్దాం."

పాప చేతికున్న సెలైన్ సూది తీసి గంట కూడా కాలేదు. హెడ్ సిస్టరు చిన్న సిస్టరు వైపు తిరిగింది.

"నిన్న తూచింది నువ్వేనా?"

"నేనేనక్కా. టోపీ, మేజోళ్లు, డైపరు అన్నీ తీసేశా."

"సూది కదలకుండా చేతికి కట్టిన చెక్క?"

"అది... అదెలా తీస్తానక్కా? సూది ఉందిగా!"

"ఇప్పుడెక్కడుంది?"

"చెత్తబుట్టలో."

హెడ్ సిస్టరు గ్లోవ్సు తొడుక్కుని మోచేతుల దాకా బుట్టలో చేతులు పెట్టేసింది. "సిస్టర్! ఏంటిది?" డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. చెక్క, కట్టు, టేపు బయటికొచ్చాయి. కాటా మీద కవరు పరిచి వాటిని తూచింది.

"ఇరవై ఐదు. కవరు తీసేశాలెండి. అంటే నిన్న పాప 1,215."

డాక్టరు వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.

"పదిహేడు పెరిగింది సార్! నా పిల్లని పట్టుకుని తగ్గిందంటారా?"

'నా పిల్ల' అన్న మాటకు తల్లి చప్పున ఆమె వైపు తిరిగింది. డాక్టరు నవ్వేసి, పాలు రెండు ఎమ్మెల్ పెంచమన్నాడు.

"సీసాకి అంటుకుందని తీసేసే ఆ అర ఎమ్మెల్ కూడా ఎక్కడికీ పోదండీ," చిన్న సిస్టరు తల్లి చెవిలో వేసింది. "రోజూ దూదితో అద్ది పాప పెదాలకు రాస్తుంది. గొట్టంతో తాగేదానికి రుచెలా తెలుస్తుందని."

తల్లి హెడ్ సిస్టరు చేయి పట్టుకోబోయింది.

"ఆగమ్మా, బుట్టలో పెట్టిన చేతులు!"

"మీకు వెయ్యి దండాలు సిస్టర్."

"తొమ్మిది వందల తొంభై తొమ్మిది తీసేశా," అంటూ ఆమె చేతులు కడుక్కుని గడియారం చూసింది. పది గంటల పాలకు వేళైంది. పదహారు ఎమ్మెల్.