టీకా దొరికింది, మేడమ్!

మెదడు పొరల వాపు తెచ్చే బాక్టీరియా మీదికి యుద్ధానికి వెళ్లి, శత్రువును వదిలేసి సొంత అత్తమ్మకు గురిపెట్టిన వీరుణ్ని నేను. ఎలాగో చెబుతాను. నవ్వడానికి అనుమతి ముందే ఇస్తున్నాను.

మహారాష్ట్రలోని భివండి, శాంతి నగర్లో మేనత్త ఇంట్లో పెరిగాను. కింద మరమగ్గాలు, అంటే మా సాంచెలు, దడదడలాడుతుంటే పైగదిలో నా ల్యాప్‌టాప్ జ్వరమొచ్చినట్టు వణికేది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అది. బాక్టీరియా తయారుచేసే ప్రోటీన్లన్నిటినీ కంప్యూటర్లో జల్లెడ పట్టాలి. కణం పైన కనబడేవి ఉంచాలి, మన రక్షక కణాలకు చిక్కేవి అవే. మనిషి ప్రోటీన్లను పోలినవి పారేయాలి, లేకపోతే టీకా ఆ కణాలు మన ఒంటినే శత్రువనుకునేలా చేయవచ్చు. మిగిలినవే టీకాకు గురి. కంటికి కనిపించని ప్రాణి గుట్టంతా అక్షరాలై తెరమీద పారుతుంటే, నోరు తెరుచుకుని చూసేవాణ్ని. ఇప్పటికీ అంతే.

"మంచి గురి దొరికితే ల్యాబులో పరీక్షకు పంపుతాను, నిన్ను కూడా" అన్నారు మా గైడు మేడమ్. ఆవిడ మరాఠీ. నా ఆశంతా ఆ ల్యాబు మీదే.

ఒక మధ్యాహ్నం జల్లెడ ముగిసింది. ఒక ప్రోటీన్ అన్నిటికంటే పైన మెరిసింది. గంతేసి ఫోన్ చేశాను.

"మేడమ్, టీకా మిళాలీ!" దొరికిందని.

"అరేరే! కుణీ కేలీ?" ఎవరు చేశారని.

"మీచ్ కేలీ!" నేనేనని, ఛాతీ విరుచుకుని.

"స్వతఃవరచ్?" నీ మీద నువ్వేనా?

మరాఠీలో టీకా అంటే విమర్శ. మన టీకాను వాళ్లు లస అంటారు. తెలుగును హిందీలో ముంచి మరాఠీ తీగమీద ఆరేసే నాకు ఆ ముక్క తట్టలేదు. సంగతి తెలిశాక ఆవిడ నవ్వి, ఫైలు పంపమన్నారు.

అత్తమ్మ పైకొచ్చింది. "ఏందిరా గంతులు? కప్పు కూలిందనుకున్న."

"టీకా దొరికింది అత్తమ్మా!"

"సూదేది మరి?"

"సూది తర్వాత. ఎక్కడ కొట్టాల్నో దొరికింది."

అంతలోనే మేడమ్ నుంచి ఫోన్. "నీ జల్లెడ ఉల్టా ఉంది! మనిషిని పోలినవి పారేయమంటే, అవే ఉంచావు!"

'తక్కువ' గుర్తు పెట్టాల్సిన చోట 'ఎక్కువ' గుర్తు పెట్టాను. నా విజేత చక్కెరను విరిచి శక్తి తీసే ప్రోటీన్. దాని నేత మనలో చాలావరకు అదే. అత్తమ్మకూ అదే చెప్పాను.

"నాలోన గూడ ఉన్నదా?" అంది అత్తమ్మ.

"ఉన్నది. మనుషులు పుట్టకముందు నుంచి నడుస్తున్న నేత."

"అంటే నేను, గా పురుగు చుట్టాలమా?"

"శానా పాత చుట్టాలు."

అత్తమ్మ తన అరచేతిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నేనూ నా చేతిని చూసుకున్నాను. సిగ్గుపడాల్సిన వేళ ఒళ్లు గగుర్పొడిచింది.

ఆ గగుర్పాటును అత్తమ్మే చెడగొట్టింది. "చుట్టమైతే ఏంది, ఇంట్లకు రానిస్తనా? నీ సూది నాకే తగుల్తుండె గదరా, దొంగసచ్చినోడా!"

మర్నాడు మేడమ్ క్లాసు ముందర నిలబెట్టి, జల్లెడ ఎలా పట్టకూడదో నన్నే చూపిస్తూ పాఠం చెప్పారు. చివర్లో నవ్వి, "సరిచేసి మళ్లీ పట్టు, అప్పుడు ల్యాబు. ఇవాళ్టికి మాత్రం నీకు ఖరీ టీకా మిళాలీ!" అన్నారు. ఖరీ అంటే అసలు సిసలైనది.

తర్వాత ల్యాబుకు వెళ్లాను లెండి. కానీ సాంచెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అత్తమ్మను పోలిన ఏ ప్రోటీన్‌నూ ఇక జల్లెడలో ఉంచను. ఏ మరాఠీ మేడమ్‌నూ ఇక టీకా అడగను. అడక్కుండానే ఇస్తున్నారు.