తాబేళ్ల పక్షాన నిలిచిన సుభద్ర మేడమ్

సుభద్ర మేడమ్ ఇక లేరన్న వార్త పూండి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోన్‌లో విన్నాను. నమ్మశక్యం కాలేదు. అంతకుముందు ఆదివారమే నాతో గట్టిగా పోట్లాడారు. "మళ్లీ ఒడ్డుకి తాబేళ్లు సచ్చి కొట్టుకొచ్చాయిరా. నీకు నిద్రెలా పడతంది?" అన్నారు. అవే నేను విన్న ఆఖరి మాటలు.

టెక్కలిలో దశాబ్దాలపాటు జంతుశాస్త్రం బోధించిన విదుషీమణి ఆమె. రావివలసలో అర్చక కుటుంబంలో జన్మించి, ఉద్దానం తీరంలో కుళ్లుతున్న తాబేలు కళేబరాన్ని స్వహస్తాలతో కోసి, విద్యార్థులమైన మాకు ఊపిరితిత్తులు చూపించిన ధీశాలి. "దీనికీ మనలాగే గాలి కావాలి. పెద్ద బోటు వల నీటడుగున ఈడ్సుకుపోతే పైకి రాలేక సచ్చిపోతాది" అన్నారు. ముక్కు మూసుకున్న మేమంతా దగ్గరికి జరిగాం.

అక్కడే వల ఆరబెట్టుకుంటున్న అప్పన్న అనే మత్స్యకారుడు "తాబేలు బతికితే మాకేటమ్మా?" అన్నాడు. ఆమె అతని పక్కన ఇసుకలోనే కూర్చున్నారు.

"జెల్లీ సేపలు సేపగుడ్లనీ పిల్లల్నీ తినేత్తాయి. ఆ జెల్లీ సేపల్ని తాబేళ్లు తింటాయి. ఇవి పోతే నీ వలకి సేపలెక్కడివి నాయనా?"

కొన్నాళ్లకు అప్పన్న తన వల కోసి ఒక తాబేలును విడిచిపెట్టాడు. అది తెలిసి మేడమ్ అతని ఇంటికి వెళ్లి, ఆ వల బాగుచేయడానికి ఉపక్రమించారు. "మీ ముడి నిలవదమ్మా, ఇటియ్యండి" అంటూ అప్పన్న భార్య నవ్వుతూ లాక్కుంది. "పాఠం సెప్పడమే సులువమ్మా" అని మేడమ్ కూడా నవ్వారు.

పెద్ద బోట్ల యజమానులు మాత్రం కరగలేదు. ఈడ్చే వలలోంచి తాబేలు బయటపడేందుకు తలుపులాంటి అమరిక ఉంది. దాన్ని బిగించుకోమని ఆమె ఎన్ని సమావేశాల్లో ప్రాధేయపడ్డారో. "సేపలు కూడా పోతాయి మేడమ్" అన్నదే వారి సమాధానం. అధికారులు తలలూపి వెళ్లిపోయేవారు. బదిలీపై వచ్చిన కొత్తవారికి ఆమె మళ్లీ మొదటినుంచీ చెప్పేవారు.

టెక్కలి సంతాపసభలో ఆ యజమానుల్లో ఒకరు ఆమె చిత్రపటానికి పూలమాల వేసి, సముద్రమాత ముద్దుబిడ్డ అని కొనియాడారు. ఆయన వేదిక దిగగానే అడిగాను.

"ఇప్పుడైనా వలలకి ఆ తలుపు పెట్టిస్తారా?"

"ఇయ్యాల ఆ మాటలెందుకు మాస్టారూ? మనిషి పోయిన బాధలో ఉన్నాం."

మా గురువర్యురాలికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆమె స్థానాన్ని భర్తీ చేయగలవారు నాకు కనిపించడం లేదు. సభ చివర అందరం లేచి మౌనం పాటించాం. ఇన్నేళ్లూ ఆమె అడిగినదానికి మేమిచ్చిన జవాబు కూడా అదే.