రంగుల మేస్త్రి పూసిన నీలం

పడవ ఇంజన్ల మెకానిక్‌ని రేవులో అందరూ రంగుల మేస్త్రి అంటారు. బాగుచేసిన ఏ ఇంజనూ ఆయన చేతిలోంచి రంగు పడకుండా బయటికి పోదు. ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదని ముప్పై ఏళ్లుగా, మూత విప్పి మరీ లోపల నీలం పూస్తాడు. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు.

ఇప్పుడేమో నడుం పట్టేసింది, చూపు మసకేసింది, ఎదురుగా బావ పడవ ఇంజను. అక్క మొగుడాయె, కాదనలేడు. నెల కిందట బ్యాటరీ చచ్చిపోయి, ఇంజను స్టార్ట్ కాక, బావ ఒక పగలంతా నీళ్లమీద కొట్టుకుపోయాడు. లాక్కొచ్చాక అందరి ముందూ మేస్త్రి తేల్చిపారేశాడు: "లైటు ఆర్పడం మర్చిపోయుంటావు బావా. వయసైపోయింది నీకు."

బావ తలొంచుకుని ఇంటికెళ్లిపోయాడు. ఆ రోజు నుంచీ తలుపుకి తాళం వేశాక మళ్లీ వెనక్కెళ్లి లాగి చూస్తున్నాడు. పొయ్యి కట్టేశానా అని అక్కని మూడుసార్లు అడుగుతున్నాడు. తనని తనే నమ్మలేక చివరికి పడవ అమ్మకానికి పెట్టాడు. ఇవాళ మధ్యాహ్నం కొనేవాడొస్తున్నాడు, ఈలోగా ఇంజను ఒకసారి చూసిపెట్టమని బావే అడిగాడు.

కొత్త బ్యాటరీ పెట్టినా, ఇంజను నడుస్తుంటే మీటరు పన్నెండు వోల్టులు దాటట్లేదు. పద్నాలుగు రావాలి. కాయిల్ బాగుంది, ఫ్యూజు బాగుంది. కాయిల్ కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చే రెక్టిఫైయర్ డబ్బీ కొత్తది బిగించాడు. అదే పన్నెండు. ఛీ, ఏం బతుకురా ఇది అనుకుంటూ మళ్లీ విప్పాడు.

డబ్బీ వెనక భాగం ఇంజను లోహానికి ఆనితేనే దానికి ఎర్త్ అందేది, కరెంటు బ్యాటరీకి చేరేది. ఆనాల్సిన చోట, బోల్టు కన్నాల దాకా, దిట్టంగా నీలం రంగు. రెండు నెలల కిందట ఈ ఇంజను బాగుచేసినప్పుడు తనే పూశాడు.

గరుకు కాగితంతో గీకి బిగించాడు. పద్నాలుగుంపావు. సంతోషించే ఓపిక లేదు, సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. ముప్పై ఏళ్ల పేరు అలాగే ఉంటుంది.

బావ రేవు మెట్ల మీద కొనేవాడి పక్కన కూర్చునున్నాడు. చుట్టూ జనం. ఆ రోజూ ఇంతమందే ఉన్నారు. మేస్త్రి నడుం పట్టుకుని వెళ్లి నిలబడ్డాడు.

"తప్పు నాది బావా. నేను పూసిన రంగే ఛార్జింగ్ ఆపేసింది."

బావ మెట్టు మీంచి లేచాడు.

"అయితే లైటు ఆర్పానా నేను?"

"ఆర్పావు బావా."

బావ కొనేవాడి వైపు తిరిగి, పడవ ఇవ్వట్లేదని చెప్పాడు. తర్వాత మెల్లిగా బావమరిదితో అన్నాడు, "ఆర్పినట్టు నాకు బాగా గుర్తేరా. నువ్వంత గట్టిగా చెప్తే, నాకే మతి పోయిందనుకున్నాను."