తాళి పడ్డాక కూడా ఆగని గట్టిమేళం

ఎడిసన్‌లో దోసెల హోటల్. పైనున్న స్పీకర్‌లో సాక్సోఫోన్ మంచి ఊపు మీదుండగా ఎవరో టక్కున ఆపేసి క్రికెట్ పెట్టారు. తింటున్నవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. పాటను సగంలో తుంచితే ఇలా మండిపోవడం వాల్టర్ గారు నాకు అంటించిన జబ్బు.

పిస్కాటవేలో మా కింది వాటాలో ఉండేవారాయన. డెబ్బై దాటిన నల్లజాతి పెద్దమనిషి. సాక్సోఫోన్ మీద బీబాప్ వాయించేవారు. జాజ్‌లో అదొక పెంకి దారి. మీ డాన్సుల కోసం వాయించం, కూర్చుని వినండి అన్నవాళ్ల సంగీతం. ఆయన నేర్చుకునేసరికే దాని రోజులు దాటిపోయాయట. క్లబ్బులు మూతపడ్డాయి, హోటళ్లలో భోజనాల వేళ వాయించడం మిగిలింది. ఒకచోట పాట మధ్యలో మేనేజర్ వచ్చి, కేక్ కోస్తున్నారు, ఆపెయ్యమన్నాడు. వాల్టర్ గారు సాక్సోఫోన్ పెట్టెలో పెట్టుకుని బయటికి నడిచారు. పొగరుబోతని పేరు పడింది, ఇక పిలిచిన నాథుడు లేడు. మిగతా జీవితమంతా స్కూల్ బస్ నడిపారు. అంత విద్య ఉన్న మనిషి చేత బస్సు తోలించిన లోకమిది! ఆయన బాధ మాత్రం వేరు.

"వెళ్లిపోవడమే తప్పు. పూర్తి చేసి వెళ్లాల్సింది," అనేవారు.

మావాళ్ల పెళ్లి ఒకదానికి రావాల్సిన సన్నాయి విద్వాంసుడికి వీసా రాలేదు. పెళ్లికూతురి బాబాయి ప్రసాద్ గారు నన్ను పట్టుకుని, వాల్టర్ గారిని ఒప్పించమన్నారు. గట్టిమేళం ఎందుకని ఆయన అడిగితే, తాళి కట్టేటప్పుడు తుమ్ములూ చెడ్డ మాటలూ వినపడకుండా అని చెప్పాను. అంటే ఇదీ వినడానికి కాదన్నమాట అని నవ్వారు. అయినా వచ్చారు.

పంతులుగారు వేలు ఊపగానే వాల్టర్ గారు ఎత్తుకున్నారు. ఏం వాయించారు, అబ్బ! తాళి పడింది, అక్షింతలు పడ్డాయి, జనం భోజనాల లైన్ వైపు కదిలారు. చెవిటివాడి ముందు శంఖమే. ప్రసాద్ గారు విసురుగా నా దగ్గరికి వచ్చారు.

"తాళి అయిపోయిందమ్మా, ఇంక స్టాప్ చేయమను. తలంబ్రాలకి లేటవుతోంది."

వాల్టర్ గారు కళ్లు కూడా తెరవలేదు. ప్రసాద్ గారి చెయ్యి సాక్సోఫోన్ మీదికి పోతుంటే నేను అడ్డం నిలబడ్డాను. అప్పుడు పీటల మీంచి పెళ్లికూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మెల్లగా అంది:

"బాబాయ్, ఆయన ఫినిష్ చేయాలి. నేను వింటున్నా."

చేశారు. చివరి స్వరం దాకా వాయించి, ఆ పిల్లకి తల వంచారు. తాళి పడ్డాక మేళం సాగితే అరిష్టమని ఆంటీలు సన్నాయి నొక్కులు నొక్కారు. ప్రసాద్ గారు నాతో మాట్లాడడం మానేశారు. మానెయ్యనీ! తిరిగి వస్తుంటే కార్‌లో వాల్టర్ గారు చాలాసేపు తనలో తనే నవ్వుకున్నారు.

ఆయన పోయారు. ఉద్యోగం పోతే వీసా పోతుందన్న భయంతో ఇన్నేళ్లూ ఆఫీస్ మీటింగుల్లో నా మాట ఎవరు తుంచినా నోరు మూసుకునేదాన్ని. మొన్న నేను చెబుతుండగానే మేనేజర్ "ఓకే, ఓకే, మూవ్ ఆన్" అన్నాడు. నేను వెళ్లిపోలేదు. ఆగనూ లేదు. చివరి మాట దాకా చెప్పి, అప్పుడు కూర్చున్నాను.