ఏడో బిందె

మా పైడయ్య మావకి విజిల్ ఊదడం రాదు. గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పన్నెండేళ్ళు పనిచేసి, అక్కడ తాడు తెగి మూతికి కొడితే ముందుపళ్ళు రెండు పోగొట్టుకుని వచ్చాడు. విజిల్ నోట్లో పెడితే గాలి ఆ సందులోంచి పోతుంది. అందుకని మా గంగమ్మ తల్లి కబడ్డీ క్లబ్బు కోచ్ గారు ఆట మొదలెట్టాలన్నా "హోయ్" అంటాడు, ఆపాలన్నా "హోయ్" అంటాడు. ఏ హోయ్ దేనికో తెలియడానికి కొత్త పిల్లలకి ఒక ఏడాది పడుతుంది.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డున ఊరు. పైడయ్య మావ కబడ్డీ ఎక్కడా నేర్చుకోలేదు. ఒడ్డున లాగుడు వల లాగేటప్పుడు తాడు పట్టుకున్న ఆడపిల్లల కాళ్ళు చూస్తాడు. ఇసకలో మడమలు దిగేసి కదలకుండా నిలబడ్డ పిల్ల పట్టుకి పనికొస్తుంది. వెనక కొసన తాడు వదిలి, పరుగున నీళ్ళ దాకా పోయి మళ్ళీ అందుకునే పిల్ల కూతకి పనికొస్తుంది. అంతే ఆయన శాస్త్రం. పదిహేనేళ్ళ కిందట నన్నూ అలాగే ఎంచాడు. ఇప్పుడు నేను ఊరి సచివాలయంలో ఉద్యోగం చేసుకుంటూ క్లబ్బు కాగితాలు రాసిపెడుతుంటాను. ఆయన గురించి ఇంకెవరూ రాయరు గనక నేనే రాస్తున్నాను. ఇందులో పొగడ్తలు తక్కువైతే అది ఆయన చేజేతులా చేసుకున్నదే.

ఏటా మే నెలలో టెక్కలిలో తీరం ఊళ్ళ ఆడపిల్లలకి షీల్డు పోటీలు జరుగుతాయి. ఇంజను బోట్లకి వేట నిషేధం ఉండే రోజులు కాబట్టి మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు, లారీలెక్కి చూడడానికి వస్తారు. ఆ షీల్డు మేం ఒక్కసారి కూడా గెలవలేదు. నాలుగుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ రెండో బహుమతి తెచ్చుకున్నాం. రెండో బహుమతి ఏడుగురికీ ఏడు స్టీలు బిందెలు. మా ఊళ్ళో నీళ్ళకి కొరత ఉందేమో గాని బిందెలకి లేదు.

ఈ ఏడు మాత్రం షీల్డు మాదేనని ఊరంతా నమ్మింది. కారణం బేబి. పదిహేడేళ్ళ పిల్ల, కూతకి వెళ్తే ఒకళ్ళనో ఇద్దరినో అవుట్ చెయ్యకుండా వెనక్కి రాదు. తండ్రి వెరావల్ బోట్ల మీద ఉన్నాడు. ఇక్కడ తల్లి వనజ, ఆ పిల్ల, వాళ్ళ చేతుల్లో వల తాడు.

ఏప్రిల్ చివర్లో నా ఫోన్‌కి క్లబ్బు మెయిల్ వచ్చింది. బేబిని జూనియర్ ఇండియా శిక్షణ శిబిరానికి ఎంపిక చేశారు. గుజరాత్‌లో ఇరవై ఒక్క రోజులు. పైడయ్య మావ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంటింటికీ వెళ్ళి చెప్పి, తిరిగొచ్చి, ఎప్పుడు వెళ్ళాలని తీరిగ్గా అడిగాడు. మే తొమ్మిదికల్లా అక్కడుండాలని చదివాను. షీల్డు మే పదకొండు, పన్నెండు. మావ ఇసకలో కూలబడ్డాడు.

ముందు షీల్డు తేదీ జరపమని, పోటీలు నడిపించే పక్క ఊరి క్లబ్బు పెద్ద ఢిల్లీరావుకి ఫోన్ చేశాడు. ఇక్కడొక పాత కథ ఉంది. ఆరేళ్ళ కిందట ఢిల్లీరావు తన కెప్టెన్ ప్రవల్లిక పెళ్ళని వారం వాయిదా అడిగితే, ముహూర్తమైనా మార్చుకోండి గాని షీల్డు తేదీ ఎవరికోసమూ మారదని బల్ల గుద్ది రూలు రాయించింది మా మావే. ప్రవల్లిక కాళ్ళకి పారాణితో వచ్చి ఆడి మమ్మల్ని చిత్తుగా ఓడించి అత్తారింటికి వెళ్ళింది. ఢిల్లీరావు ఇప్పుడు ఆ రూలు కాగితం తెప్పించుకుని, తొందర లేకుండా, ఫోన్లో మొత్తం చదివి వినిపించాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడడమంటే ఇదే.

తర్వాత శిబిరం వాళ్ళకి ఫోన్ చేశాడు. మావకి హిందీ వచ్చు, కాకపోతే అది వెరావల్ రేవు హిందీ. తాళ్ళు విప్పడానికీ, చేపలు ఐసులో వెయ్యడానికీ, పక్క బోటువాణ్ణి తిట్టడానికీ సరిపోతుంది. ఆ హిందీలో, వేట నిషేధం ఎత్తేసి సముద్రం తెరిచాక, జూన్ పదిహేను తర్వాత శిబిరం పెట్టుకోకూడదా అని చాలా మర్యాదగా అడిగాడు. దేశంలో ప్రతి క్లబ్బుకీ ఏదో ఒక పోటీ ఉంటుందనీ, తొమ్మిదో తేదీన పిల్ల రాకపోతే తర్వాతి పేరు పిలుస్తామనీ అవతలాయన చెప్పాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఈలోగా బేబి తాను వెళ్ళనంది. దానికి కారణం మా వల కట్టుబాటు. తాడు మీద చెయ్యి ఉన్నవాళ్ళకే చేపల్లో వాటా. సొంత పని మీద తాడు వదిలి వెళ్ళినవాళ్ళకి వాటా లేదు, తిరిగొచ్చాక మాటలు కూడా పడాలి. అదే ఊరే పని మీద పంపితే, మనిషి ఎక్కడున్నా చెయ్యి తాడు మీదున్నట్టే లెక్క. వాటా ఇంటికి వస్తుంది. పంపుతున్నామన్న మాట వల పెద్ద ఒడ్డున అందరి ముందూ చెప్పాలి. మా వల పెద్ద కూడా పైడయ్య మావే.

"మావ పంపితే ఎల్తాను. నా అంతట నాను ఎల్లిపోతే, రేపొచ్చి ఏ మొకం పెట్టుకుని తాడు ముట్టుకుంటాను?" అంది బేబి నాతో.

మావ మూడు రోజులు వెళ్ళమనలేదు, ఉండమనలేదు. వల బాగుచేస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ కిందట నాకూ ఇలాంటి కాగితమే వచ్చింది, రాష్ట్ర జట్టు శిబిరానికి రమ్మని. అప్పుడు మావ, షీల్డు అయ్యాక వెళ్దువుగానిలే అన్నాడు. షీల్డు అయ్యేసరికి నా చోటు ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన కాగితాలు రాస్తూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను. తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మావా, నాకు సేసినట్టు దానికి సెయ్యకు" అన్నాను.

ఆయన తలెత్తలేదు. వల అల్లే చేతులు మాత్రం ఆగిపోయాయి. ఇంకో మాట అంటే ఏడుస్తానని భయమేసి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్న వల లాగుతున్నాం. రెండు తాళ్ళ మీదా కలిపి ముప్పై మందిమి ఉంటాం. మధ్యలో మావ "హోయ్" అన్నాడు. ఆపమనే హోయ్. అందరం ఆగాం.

"బేబి ఊరి పని మీద గుజరాత్ ఎల్తంది. నాను పంపుతన్నాను. వొచ్చీవరకు దాని సెయ్యి తాడు మీద ఉన్నట్టే."

మరి షీల్డో అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"అదెలాగూ ఏటేటా పోతంది గదా" అని మావ తాడు అందుకున్నాడు. వనజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బేబి ఏడుస్తూనే వల ఒడ్డుకొచ్చేదాకా లాగింది.

పలాస స్టేషన్లో రైలెక్కించడానికి సగం ఊరు వచ్చింది. ఎండుచేపలు ఒక మూట, జీడిపప్పు ఒక మూట. రైలొచ్చేలోగా మావ పిల్లకి అవసరానికి పది హిందీ ముక్కలు నేర్పాడు. అందులో ఏడు ఏ కోచ్ దగ్గరా అనకూడనివని నేను తర్వాత ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.

టెక్కలికి ఆరుగురితో వెళ్ళాం. మా క్లబ్బులో అదనపు పిల్లలు లేరు, ఆరుగురున్నా ఆడనిస్తారు. పేర్లు రాసే బల్ల దగ్గర మావ ఏడో పేరు బేబి అని రాయించాడు. ఎలా నెగ్గుకొచ్చామో తెలియదు గాని ఫైనల్‌కి వెళ్ళాం, ఢిల్లీరావు టీము చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. బేబి ఉంటే రెండు కూతల్లో ఆ మూడూ, పైన ఇంకొకటీ వచ్చేవి. ఆ మాట అందరి నోటి దాకా వచ్చింది, ఎవరూ అనలేదు.

బహుమతులిచ్చేది ఢిల్లీరావే. ఆరుగురే ఆడారు కాబట్టి ఆరు బిందెలిచ్చి ఏడోది పక్కన పెట్టాడు.

"ఏడో గుంట, మా బేబి, ఊరి పని మీద ఎల్లింది. బిందె ఇలా తే" అన్నాడు మావ.

ఢిల్లీరావు ఊళ్ళోనూ లాగుడు వల ఉంది, అదే కట్టుబాటు ఉంది. ఆయన బిందె తీసి రెండు చేతులా అందించాడు.

తిరుగు ప్రయాణంలో లారీలో మావ పక్కన కూర్చున్నాను. బిందె ఆయన ఒళ్ళో ఉంది. జీడితోటలు మొదలయ్యాయి.

"నాగమణీ, ఆ ఏడు నిన్ను పంపీవలసింది. తప్పు సేసేను" అన్నాడు. బిందె ఒళ్ళో సర్దుకుని, "అప్పుడూ ఓడేపోనాం గదా" అన్నాడు.

ఈ మాట ఆయన నోట వస్తే ఏమనాలో పన్నెండేళ్ళుగా సిద్ధం చేసుకుని ఉన్నాను. తీరా వస్తే నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళు కారాయి. మావ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఊళ్ళో లారీ దిగాక బిందె నా చేతికిచ్చి వనజకి ఇచ్చి రమ్మన్నాడు. వల పెద్ద నువ్వు, వాటా నువ్వే ఇవ్వాలి కదా అన్నాను.

"పంపింది నాను కాదే, నువ్వు" అన్నాడు.

బిందె చంకన పెట్టుకుని వనజ ఇంటివైపు నడిచాను.