నాలుగు పెట్టెల బండి కోసం: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

నాగరత్న తన ఫోన్లో ఆ ఫోటో పెట్టకపోయి ఉంటే నేను ఈ ప్రయాణం చేసేదాన్ని కాదు. రైల్లో కిటికీ పక్క సీటు, ఒళ్లో చీరల మూట, మొహం నిండా నవ్వు, కింద "మా బండి మాకొచ్చేసింది" అని ఒక ముక్క. నేను ఆ సమయానికి హిందూపురం పోయే బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. ఆ నవ్వు చూడలేక ఫోన్ మూసేశాను. దానికి మంచి పేరేదీ వెతకను, అది అసూయే. నాగరత్న, ఆమె భర్త మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు. వాళ్లు ధర్మవరంలో ఉన్న రోజుల్లో ఆమె చీరలు ఇవ్వడానికి హిందూపురం వచ్చేది, మా పొద్దుటి పాసింజర్లో నా ఎదుటి సీటు ఆమెదే. తర్వాత అత్తగారి ఊరు ముదిగుబ్బకు మారిపోయింది. మా పాసింజరు ఆగిపోయి ఏళ్లు గడుస్తున్నాయి. వాళ్ల కదిరి వైపు లైనుకు మాత్రం ఒక బండి వచ్చి కూర్చుంది.

నేను ఉండేది పెనుకొండలో, లెక్కలు చెప్పేది హిందూపురంలో ఒక హైస్కూల్లో. పాసింజరు ఉన్నప్పుడు ఏడుంపావుకు ఎక్కితే బడి గంటకు ముందే దిగి కాఫీ కూడా తాగేదాన్ని. నా తర్వాత చాకర్లపల్లిలో లక్ష్మక్క నాలుగు బుట్టల పట్టుగూళ్లతో ఎక్కేది. ఎకరం మల్బరీ తోట, ఇంట్లో పురుగుల పెంపకం, గూళ్లు తెచ్చి హిందూపురం మార్కెట్లో వేలానికి పెట్టడం, అదే ఆమె బతుకు. గూళ్లకు గాలి ఆడాలి, ఒకదాని మీద ఒకటి నొక్కుకోకూడదు. చెమర్చాయంటే రేటు పడిపోతుంది. అందుకని మా పెట్టెలో ఒక కట్టుబాటు ఉండేది. పై అర మీద నాలుగు బుట్టలకు మించి పెట్టకూడదు, ఆ పక్క కిటికీలు చలేసినా మూయకూడదు. కొత్తవాళ్లకు తెలియాలని అర అంచున నా గోళ్ల రంగుతో నాలుగు ఎర్ర చుక్కలు పెట్టాను. ఇప్పుడు బస్సులో బుట్టలు ఎక్కనివ్వరు, ఆటో బాడుగ ఆమెకు గిట్టదు. ఇంటికొచ్చిన దళారి ఎంతంటే అంతకు ఇచ్చేస్తోంది. "ఉగాది దాకా చూస్తా టీచరమ్మా. బండి రాకుంటే తోట పెరికేసి కంది వేసుకుంటా" అని మొన్న తేల్చి చెప్పింది. ఉగాదికి రెండు నెలలు కూడా లేవు.

అర్జీ పట్టుకుని రైల్వే ఆఫీసుకు పోతే అక్కడొక ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "నడపకూడదని కాదమ్మా, పెట్టెలు లేవు. మీ వైపు ఎక్కడైనా ఖాళీగా ఉన్నాయని మీరు చూపిస్తే ఆలోచిద్దాం" అన్నాడు. వదిలించుకోవడానికే అన్నాడేమో. కానీ లెక్కల టీచరుకు ప్రశ్న ఇచ్చి ఊరుకోమంటే కుదరదు. పాత క్యాలెండరు కాగితం వెనక ఏం కావాలో రాసుకున్నాను. వెడల్పు తలుపులు, తెరుచుకునే కిటికీలు, గట్టి అరలు, చాకర్లపల్లి లాంటి చోట ముసలివాళ్లు ఎక్కగలిగే మెట్లు. కింద, వెతకాల్సిన మూడు స్టేషన్ల పేర్లు. రెండో శనివారం పొద్దున ఆరు గంటల బస్సుకు బయల్దేరాను.

ఆడవాళ్లకు పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే టికెట్ లేదు, మగవాళ్లకు అరవై రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. ఏడుంపావుకల్లా హిందూపురం. బస్టాండు నుంచి స్టేషనుకు షేర్ ఆటో ఇరవై.

"ఏ రైలుకు మేడమ్?" అన్నాడు ఆటో ఆయన.

"రైలుకు కాదు, పెట్టెలు చూసేదానికి."

"కొనేకా?"

"దుడ్లుంటే కొందును" అన్నాను. ఆయన అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

ప్లాట్‌ఫారం చివర, పక్క లైన్లో రెండు పాత పెట్టెలు నిజంగానే ఉన్నాయి. గబగబా నడిచాను. దగ్గరికి పోతే తిరగమోత వాసన వచ్చింది. కిటికీ ఊచలకు లుంగీలు ఆరేసి ఉన్నాయి. లోపల ఒకతను పెద్ద గిన్నెలో చిత్రాన్నం కలుపుతున్నాడు. పట్టాల పని చేసేవాళ్లకు వంట చేస్తాడట.

"ఇవి మా ఇండ్లక్కా. పద్నాలుగు మందిమి ఈడే పండుకుంటాం. పని యాడుంటే ఆడికి ఇంటినే లాక్కోని పోతారు" అన్నాడు.

ఇంటికి ఇంటినే రైలుకు తగిలించుకుని తిరిగేవాళ్లను చూసి నాకు అసూయ పుట్టింది. ఆ మాటే అన్నాను. అతను నవ్వలేదు. "నేను ఇంటికి పోయి రెండు నెలలాయ. బిడ్డ నడుస్తాందంట" అన్నాడు, స్టీలు ప్లేటులో ఇంత చిత్రాన్నం పెట్టిచ్చాడు. నిమ్మకాయ సరిపోయింది, ఉప్పు కాస్త ఎక్కువ. తినేసి, కాగితం మీద హిందూపురం కొట్టేసి, ఎనిమిదిన్నర బస్సుకు వెనక్కి మళ్లాను.

పెనుకొండ నా ఊరే కానీ బండి లేనప్పటి నుంచి నేను స్టేషను ముఖం చూడలేదు. బస్టాండు నుంచి ఆటోకు యాభై అడిగాడు, నలభైకి ఒప్పుకున్నాడు. పదింటికి చేరేసరికి ఇంత పొడవు బండి ఒకటి నిలబడి ఉంది. జాలీ గోడల పెట్టెలు, రెండంతస్తులు, లోపల వరసగా తెల్ల కార్లు. పక్కన ఫ్యాక్టరీలో తయారైనవి. ఒక్కో కారును పట్టీలతో బిగించి, కదలకుండా, దుమ్ము పడకుండా పంపిస్తున్నారు. ఎన్ని పెట్టెలో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మంటెక్కువై మధ్యలో మానేశాను. టీ అమ్మే పెద్దాయన నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"కార్లు కూచోని పోతాండాయి, మనుషులు నిలబడుకోని పోతాండారు. అంతేనమ్మా" అన్నాడు. పది రూపాయల టీ. ఆయన మాట తోడుగా దిగింది.

అప్పుడే లక్ష్మక్క ఫోను. "దొరికినాయా?" అంది. ఇంకా ధర్మవరం ఉందని చెప్పాను. "ఆడ దొరుకుతాయిలే, పెద్ద స్టేషను కదా" అని నాకే ధైర్యం చెప్పింది.

పదకొండు గంటల బస్సు ధర్మవరం చేరేసరికి పన్నెండున్నర. బస్టాండు దగ్గర మెస్సులో ఎనభై రూపాయల భోజనం బాగుంది, పప్పులో గోంగూర ఉంది. తర్వాత పది రూపాయలు పెట్టి ప్లాట్‌ఫారం టికెట్ కొని, పై వంతెన ఎక్కాను. స్టేషనంతా అక్కడి నుంచి అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. చివరి లైన్లో నాలుగు నీలం పెట్టెలు, ఇంజన్ లేదు, మనిషి లేడు, తలుపులు మూసి ఉన్నాయి. గంట సేపు చూశాను. వాటి దగ్గరికి ఎవరూ రాలేదు. ఫోటో తీసుకుని, నాగరత్నకు ఫోన్ చేశాను. చీరలు ఇవ్వడానికి ఊళ్లోకే వచ్చి ఉంది. నాలుగున్నరకు మూటతో వచ్చింది.

"ఏమక్కా, ఇట్ల చిక్కిపోయినావు" అంది.

"బస్సులో నిలబడి" అన్నాను. "ఆ పెట్టెలు ఎవరివి?"

"మావే. పొద్దున తొమ్మిదికి వస్తాయి. సాయంత్రం ఐదున్నర దాకా ఆడే ఉంటాయి."

ఐదింటికి ఇంజన్ వాటిని ప్లాట్‌ఫారానికి తెచ్చి పెట్టింది. నాగరత్న వెనకే మూడో పెట్టె ఎక్కాను. వెడల్పు తలుపులు. కిటికీలు పైకి లేస్తున్నాయి. ఆమె మూటను పై అర మీద పెట్టబోతుంటే అంచున నాలుగు ఎర్ర చుక్కలు కనిపించాయి. రంగు కాస్త పెచ్చులూడింది కానీ నా చుక్కలే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇక్కడ కూర కూడా మా ఇంటిదే, వడ్డించుకుంటున్నది వాళ్లు.

"ఇవి మా పెట్టెలు" అన్నాను. గొంతు పెద్దదే అయింది, పక్క సీటు వాళ్లు తిరిగి చూశారు.

నాగరత్న కంగారు పడలేదు. "నాకు తెలుసక్కా, మొదటి దినమే చూసినా. మీరు వద్దంటిరి కదా" అంది.

ఈ సంగతి మీకు రాయకూడదని బస్సెక్కినప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను. కానీ రాయకపోతే ఈ ప్రయాణానికి అర్థం లేదు. రెండేళ్ల కిందట మాకు నాలుగు పెట్టెల బండి ఇస్తామని కబురు వచ్చింది. ధర్మవరంలో తొమ్మిదిన్నరకు బయల్దేరి పదకొండున్నరకు హిందూపురం చేరేది. పెనుకొండలో పాసింజరు ఎక్కేవాళ్లం అందరం కూర్చున్నాం. "పన్నెండు పెట్టెల బండి మాది, నాలుగు ముక్కలు పడేస్తే ఏరుకుంటామా" అని లేచి నిలబడి అరిచింది నేనే. చప్పట్లు కూడా కొట్టారు. మూల నుంచి లక్ష్మక్క "నాలుగైనా చాలు టీచరమ్మా, గూళ్లు మధ్యాన్నం వేలం పాటకన్నా అందుతాయి" అంటే, నీకు తెలియదు ఊరుకో అన్నాను. పెట్టెల లెక్క వట్టి సాకు. నా బడి తొమ్మిదింటికి, పదకొండున్నర బండి నాకెందుకూ పనికిరాదు. నాకు అందనిది ఇంకొకరికి ఎందుకు అందాలనుకున్నాను. ఆ మాట బయటికి అనలేక పన్నెండు పెట్టెల పౌరుషం తొడిగాను. మేము వద్దన్నవే వాళ్లు కళ్లకద్దుకుని తీసుకున్నారు.

"తొమ్మిది నుంచి ఐదున్నర దాకా ఊరికే ఉంటాయి కదా" అన్నాను కాసేపటికి. "ఆ మధ్యలో హిందూపురం పోయి రావచ్చు."

నాగరత్న మొహం మారింది. "లేటైతే? మా ఇండ్లకు మేం ఎట్ల పోవల్ల?"

ఆ భయం నాకు కొత్త కాదు, సంపాదించుకున్నది జారిపోతుందేమోనన్న భయం. క్యాలెండరు కాగితం మీద లెక్క వేసి చూపించాను. తొమ్మిదిన్నరకు పోతే, హిందూపురంలో గంటన్నర ఆగినా, దారిలో అరగంట లేటైనా, మూడున్నరకల్లా ఇక్కడికి వచ్చేస్తుంది. రెండు గంటలు మిగులుతాయి. ఆమె వేలు పెట్టి అంకెలు రెండుసార్లు చూసుకుంది. "ఆ రెండు గంటలు అట్లే ఉండాలని అర్జీలో రాయి. అప్పుడు మా వాళ్ల సంతకాలు నేనే పెట్టిచ్చుకోని వస్తా" అంది. ఇంజన్ కూత వేసింది. నేను దిగాను. ఆమె నా సీటులో, అవును నా సీటులోనే, కూర్చుని చెయ్యి ఊపింది. ఇంత మంచి మాట చెప్పిన మనిషిని చూసి కూడా నాకు మండింది.

తిరుగు బస్సు ఆరున్నరకు. నిలబడిన చోటి నుంచే లక్ష్మక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ రోజు నేను ఎందుకు అరిచానో కూడా చెప్పాను. 

"నాకు తెలుసు" అంది. "నీ బడి టైము నాకు తెలీదా? అర్జీ ఎప్పుడిస్తావు?"

"సోమవారం."

"అయితే ఇంకో పంట చూస్తా. తోట యాడికీ పోదులే." ఆగి, "ఆ బండి నీకు పనికిరాదు కదా టీచరమ్మా" అంది.

"రాదు."

"సెలవు దినం రా. కిటికీ కాడ సీటు పట్టింటా."

బండి వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా వారంలో ఆరు రోజులు, లక్ష్మక్క గాలికి కూర్చుని పోయే వేళకు, నేను బోర్డు మీద భిన్నాలు వేస్తూ ఉంటాను. తలుచుకుంటే ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. అయినా అర్జీ రాసేశాను, పెట్టెల నంబర్లు, ఖాళీగా ఉండే గంటలు, నాగరత్న అడిగిన రెండు గంటలతో సహా. మీ ఊరి బండి కోసం మీరూ ఇలా తిరగబోతుంటే నేను చెప్పగలిగింది ఒకటే. ఎన్ని పెట్టెలు ఇస్తామన్నా, ఏ వేళకు ఇస్తామన్నా, ముందు సరే అనండి, మీకు పనికిరాని వేళైనా సరే.